కివీలను చంపేది ముంగిస కాదు

సంపాదకులకు,

ఆదివారం అనుబంధంలో న్యూజిలాండ్ పక్షులపై వచ్చిన వ్యాసం బాగుంది. కానీ కివీ పిల్లలను చంపుతున్న జంతువును ‘ముంగిస’ అనడం పొరపాటు. అది స్టోట్. పొడవాటి ఒళ్లు, పొట్టి కాళ్లు చూసి ఒకే జాతి అనుకుంటారేమో. ముంగిసలు పిల్లులకు, హైనాలకు దగ్గరివి. స్టోట్ నీటికుక్కల కుటుంబానిది. తెలుగులో పేరు లేకపోతే స్టోట్ అనే రాయవచ్చు కదా! చలి దేశాల్లో శీతాకాలానికి దాని ఒళ్లంతా తెల్లబడుతుంది, తోక కొన మాత్రం నల్లగానే ఉంటుంది. ఎర్మిన్ అనే ఆ బొచ్చునే యూరప్ రాజుల అంగీలకు కుట్టేవారు.

వ్యాసకర్త దాన్ని పుట్టు హంతకిగా చిత్రించడం మాత్రం అన్యాయం. కుందేళ్ల బెడద తీరుతుందని 1880లలో దాన్ని అక్కడికి తెచ్చి వదిలింది మనుషులే, అదీ పక్షి శాస్త్రజ్ఞులు వద్దంటున్నా. ఎగరలేని పక్షులు దానికి సులువుగా చిక్కాయి.

2050 నాటికి స్టోట్లను పూర్తిగా నిర్మూలించాలని అక్కడి ప్రభుత్వం 2016లో లక్ష్యం పెట్టుకుంది. అదెంత కష్టమో వ్యాసంలో లేదు. స్టోట్ ఆడ కూనలు కళ్లు తెరవకముందే, గూట్లోనే మగవాటితో జతకూడతాయి. పిండం నెలల తరబడి ఎదగకుండా ఆగి, మరుసటి వసంతానికి పిల్లలు పుడతాయి. అందువల్ల ఒక్క ఆడ స్టోట్ ఈదుకుంటూ ఏ దీవికి చేరినా అక్కడ కొత్త సంతతి మొదలవుతుంది.

వచ్చే అనుబంధంలో సవరణ వేయగలరు.

— ఒక పాఠకుడు