విలేకరుల క్లాసులు పొద్దున పెట్టండి

జర్నలిజం విద్యార్థులకు పనిలో ఉన్న విలేకరులే పార్ట్‌టైమ్‌గా పాఠాలు చెప్పడం మంచిదే కానీ, ఆ క్లాసులు సాయంత్రం నాలుగింటికి పెట్టడం ఏం తెలివో అర్థం కాదు, వాళ్లు వార్తలు పంపే వేళ అదే కదా. హన్మకొండలో నేను చదివినప్పుడు ఒక సారు ఫోన్ మోగగానే 'రెండు నిమిషాలు' అని బయటికి వెళ్తే మళ్లీ మర్నాడే కనిపించేవారు. అదే సారు ఒకరోజు పొద్దున్నే మమ్మల్ని ఎనుమాముల మార్కెట్‌కు తీసుకెళ్లి, మిర్చి ఘాటుకు తుమ్ముతూనే రైతులను ధర అడిగించి, నేను రాసిన పది లైన్లలో ఏడు అక్కడికక్కడే కొట్టేశారు. లీడ్, అంటే వార్తలో మొదటి వాక్యాలు, రాయడం నాకు ఆ బస్తాల మీదే వచ్చింది, క్లాస్‌రూమ్‌లో కాదు. ఇక వాళ్లకిచ్చే గౌరవ వేతనం సంగతి, సెమిస్టర్ దాటినా రాదని వాళ్లే నవ్వుతూ చెప్పేవారు. గెస్ట్ ఫ్యాకల్టీకి క్లాసుకు 1,500 రూపాయలు, నెలకు 50,000 మించకుండా ఇవ్వొచ్చని వర్సిటీలను చూసే కేంద్ర సంస్థ యూజీసీ 2019లోనే చెప్పింది. పీహెచ్‌డీ లేకున్నా 15 ఏళ్ల అనుభవం ఉన్నవారిని 'ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్'గా తీసుకునే వీలు 2022 నుంచి ఉంది. వర్సిటీలు ఈ క్లాసులను పొద్దున ఏడు నుంచి తొమ్మిది మధ్యకు మార్చి, సగం మార్కెట్లో, కోర్టులో, ఆసుపత్రి దగ్గర పెట్టి, డబ్బులు ఏ నెలవి ఆ నెల ఇవ్వాలి.

– ఒక పూర్వ విద్యార్థి, హన్మకొండ