గన్నవరం–మధురపూడి మధ్య విమానం వద్దు, బస్సు ఇప్పించండి

కేంద్ర పౌర విమానయాన శాఖ మంత్రి శ్రీ కింజరాపు రామ్మోహన్ నాయుడు గారికి నమస్కారం.

విజయవాడ విమానాశ్రయం గన్నవరం, రాజమండ్రి విమానాశ్రయం మధురపూడి. ఈ రెండింటి మధ్య విమానం నడపమని మేం అడగడం లేదు, విమానం రద్దయిన రోజు ఒకచోటి నుంచి రెండోచోటికి బస్సు ఇప్పించమంటున్నాం. గన్నవరం నుంచి మధురపూడికి ఆకాశమార్గంలో దాదాపు 126 కిలోమీటర్లు, పైలట్ల లెక్కలో 68 నాటికల్ మైళ్లు. గంటకు 500 కిలోమీటర్లు పోయే చిన్న విమానం ఏటీఆర్‌కు పావుగంట పనే కదా అనిపిస్తుంది. ఆ పావుగంట కాగితం మీదిదే. ఇంత దగ్గరికైతే విమానం పూర్తి వేగం అందుకునేలోపే దిగడం మొదలుపెట్టాలి. రన్‌వే దాకా వెళ్లడం, పైకి లేవడం, వరుసలోకి వచ్చి దిగడం అన్నీ కలిపితే తలుపు వేసి తీసేదాకా అరగంట పైమాటే. చెకిన్ కౌంటర్ గంట ముందే మూస్తారు. బెజవాడ నుంచి గన్నవరం ఓ 20 కిలోమీటర్లు, అటు మధురపూడి నుంచి రాజమండ్రి ఊళ్లోకి మరో అరగంట. ఇల్లు వదిలింది మొదలు మూడు గంటలు దాటుతుంది. వందేభారత్ రైలు దాదాపు రెండు గంటల్లో దింపుతోంది! చిన్న ఊళ్లకు విమానాలు నడిపే ఉడాన్ పథకం మొదలైనప్పుడు మైదాన ప్రాంతాల్లో 200 కిలోమీటర్ల లోపు రూట్లను పక్కన పెట్టారు. సబబే.

మా అవసరం వేరు. రెండు విమానాశ్రయాలూ ఎయిర్‌పోర్ట్స్ అథారిటీవే. గన్నవరం రన్‌వే 3,360 మీటర్లు, మధురపూడిది 3,165. ఎయిర్‌బస్ ఏ320 రెండుచోట్లా దిగుతుంది. డిసెంబరు, జనవరి ఉదయాల్లో పొగమంచు కమ్మి, రన్‌వే మీద 550 మీటర్ల దూరమైనా కనిపించకపోతే రేడియో సంకేతాలతో దారి చూపే కేటగిరీ-1 ఐఎల్‌ఎస్‌తో దిగడం కుదరదు. విమానం హైదరాబాద్ మళ్లుతుంది, లేదా రద్దవుతుంది. రద్దయితే వేరే విమానమో, టికెట్ డబ్బో ఇవ్వాలన్నది విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధన. కానీ సీటు రెండో విమానాశ్రయంలో దొరికితే మధ్యలో ఉన్న 150 కిలోమీటర్ల రోడ్డు ఎవరి ఖర్చు? అది తేల్చండి: పక్క విమానాశ్రయంలో సీటు, అక్కడికి బస్సు, రెండూ ఒకే పీఎన్‌ఆర్ మీద.

బస్సు ఏలూరు బైపాస్ దాటి గుండుగొలను దగ్గర తిరిగి, నల్లజర్ల, దేవరపల్లి మీదుగా కొవ్వూరు వెళ్లాలి. తణుకు, రావులపాలెం పాతదారి పడితే ట్రాఫిక్‌లో చిక్కుకుంటుంది. గోదావరి మీది గామన్ బ్రిడ్జి దిగి కోరుకొండ రోడ్డు ఎక్కాక వేగం పడిపోతుంది. మొత్తం రెండున్నర గంటలు వేసుకోండి, పొగమంచులో మూడు. అంటే విమానం టైముకు నాలుగున్నర గంటల ముందే బస్సు కదలాలి. ఆ తర్వాత ఎక్కిస్తే కౌంటర్ దొరకదని ముందే చెప్పి డబ్బు వాపసిచ్చేయడం మేలు.

ఏ320లో 180 మంది దాకా ఉంటారు. 40 సీట్ల బస్సులైతే ఐదు కావాలి. అందరూ రారు గనక రెండు సిద్ధంగా ఉంచినా చాలావరకు నెట్టుకురావచ్చు. సామాను డిక్కీ ఉన్న ఆర్టీసీ బస్సులే కావాలి, సిటీ బస్సులు కాదు. అవి హైవే మీద కాక టెర్మినల్ గేటు ముందు ఆగాలి. మంచు గోదావరి వైపూ పడుతుంది. రెండూ ఒకేసారి మూతపడిన రోజు బస్సు దండగ. అందుకే టైంటేబుల్ పెట్టొద్దు, రెండో చోట విజిబిలిటీ చూశాకే డ్యూటీ మేనేజర్ బస్సు పిలవాలి.

ఇట్లు,
కృష్ణా, గోదావరి జిల్లాల విమాన ప్రయాణికులు