తెర మీది కదలికను మన కళాశాలల్లో సరిగ్గా నేర్పాలి

సంపాదకులకు నమస్కారం.

సాంకేతిక విద్యకు మీ పత్రిక విద్యా పేజీలో క్రమం తప్పకుండా చోటిస్తున్నారు కాబట్టి ఈ ఉత్తరం మీకు రాస్తున్నాను. నల్లగొండలో డిగ్రీ విద్యార్థులకు కంప్యూటర్ పాఠాలు చెప్పే అధ్యాపకుడిని. ఫోన్లలో, ఆస్పత్రి టోకెన్ బోర్డుల్లో, కార్ల డ్యాష్‌బోర్డుల్లో కనిపించే కదిలే తెరలను నానాటికీ ఎక్కువగా డిక్లరేటివ్ భాషల్లో తయారు చేస్తున్నారు. అంటే, ఏ పని ఏ వరుసలో చేయాలో యంత్రానికి చెప్పుకుంటూ పోకుండా, తెర ఎలా ఉండాలో, ఏది దేన్ని బట్టి మారాలో చెప్పి వదిలేసే భాషలన్నమాట. ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో నేను చూసిన ల్యాబుల్లో మాత్రం యానిమేషన్ అంటే ఇప్పటికీ టైమర్ పెట్టి బొమ్మను కొద్దికొద్దిగా జరపడమే. ఈ తేడా మన పిల్లలకు నష్టం చేస్తోందని, దాన్ని సరిదిద్దడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదని నా నమ్మకం.

మాటలతో వివరించడం కంటే మా ల్యాబులో చేయించే ఒక అభ్యాసాన్ని చూపిస్తాను. నాగార్జునసాగర్ జలాశయం మన జిల్లా పిల్లలందరికీ తెలుసు. పూర్తి స్థాయి నీటిమట్టం 590 అడుగులు, కనీస నీటిమట్టం 510 అడుగులు, స్పిల్‌వే మీద క్రస్ట్ గేట్లు 26. వానాకాలంలో ఎగువ నుంచి వరద మొదలైతే ఈ అంకెల కోసం అందరూ పత్రికలు తిరగేస్తారు. ఆ జలాశయాన్ని తెర మీద గీసి, మట్టం అంకె మారినప్పుడల్లా నీరు నెమ్మదిగా పైకో కిందికో జరిగేలా, గేటు ఎత్తితే అది లేస్తున్నట్టు కనిపించేలా చేయమంటాను. 510 నుంచి 590 వరకు ఉన్న 80 అడుగులకు తెర మీద 400 పిక్సెళ్ల (తెర చుక్కల) ఎత్తు ఇస్తే అడుగుకు 5 పిక్సెళ్లు వస్తాయి. మట్టం 550 అయితే నీలిరంగు పట్టీ 200 పిక్సెళ్లు ఉండాలి. లెక్క ఇంతకు మించి లేదు.

పాత పద్ధతిలో దీన్ని చేసే విద్యార్థి ముందుగా ఒక టైమర్ పెడతాడు. సెకనుకు 60 సార్లు తెరను తిరిగి గీస్తే కదలిక కంటికి తడబాటు లేకుండా కనిపిస్తుంది కాబట్టి, ఆ టైమర్ సుమారు 16 మిల్లీసెకన్లకు ఒకసారి పనిచేయాలి. పనిచేసిన ప్రతిసారీ పట్టీ ఎత్తుకు కొంత కలిపి, చేరవలసిన ఎత్తుకు చేరిందో లేదో చూసి, చేరితే టైమర్‌ను ఆపాలి. ఇంతవరకు ఇబ్బంది లేదు. నీరు ఇంకా ఎక్కుతుండగానే కొత్త మట్టం వచ్చిందనుకోండి, రెండో టైమర్ మొదలవుతుంది, మొదటిది ఆగదు, ఒకటి పట్టీని పైకి లాగుతుంటే ఇంకొకటి కిందికి లాగుతుంది, తెర మీద నీరు వణుకుతుంది. ఆ వణుకు ఆపడానికి, ఇప్పటికే కదులుతోందని గుర్తుపెట్టుకునే ఒక ఫ్లాగ్, ఆ ఫ్లాగ్‌ను సరిచూడటానికి ఇంకో షరతు, ఆపై గేట్ల కోసం మరికొన్ని టైమర్లు చేరేసరికి, తాను మొదలుపెట్టిన పని ఏమిటో విద్యార్థికే అంతుపట్టనంతగా కోడ్ పెరిగిపోతుంది.

అదే అభ్యాసాన్ని క్యూఎంఎల్ అనే భాషలో చేసేటప్పుడు విద్యార్థి రాసేది వేరు. పట్టీ ఎత్తు అంటే మట్టంలోంచి 510 తీసేసి 5తో గుణించగా వచ్చినది అని ఒక్క పంక్తి రాస్తాడు. దీన్ని బైండింగ్ అంటారు. మట్టం మారితే ఎత్తు దానంతట అదే మారుతుంది; ఎప్పుడు మార్చాలో చెప్పనక్కరలేదు. ఆ తర్వాత, ఎత్తు మారవలసి వచ్చినప్పుడల్లా ఆ మార్పు 400 మిల్లీసెకన్ల పాటు సాగాలని 'బిహేవియర్' కింద రెండు మూడు పంక్తులు చేరుస్తాడు. నీరు సగం దారిలో ఉండగా కొత్త అంకె వచ్చినా, పట్టీ ఉన్న చోటు నుంచే కొత్త ఎత్తు వైపు కదులుతుంది. విద్యార్థి రాసిన కోడ్‌లో టైమరూ లేదు, ఫ్లాగూ లేదు. అది చదివితే జలాశయం గురించి చదివినట్టే ఉంటుంది.

ఇందులో తప్పులకు తావు లేదని నేను అనను. దాదాపు ప్రతి బ్యాచిలోనూ పిల్లలు చేసే తప్పు ఒకటుంది. బటన్ నొక్కగానే జలాశయం నిండాలని, ఆ బటన్ కింద, క్యూఎంఎల్ లోపల ఆజ్ఞలు రాయడానికి వాడే జావాస్క్రిప్ట్‌లో పట్టీ ఎత్తు 400 అని నేరుగా రాసేస్తారు. నీరు నిండుతుంది, అందరూ సంతోషిస్తారు. ఆ తర్వాత మట్టాన్ని ఎన్నిసార్లు మార్చినా పట్టీ మాత్రం కదలదు. ఎత్తుకూ మట్టానికీ మధ్య ముందు చెప్పిన సంబంధాన్ని ఆ ఒక్క పంక్తి తెంచేసింది. అంతకుముందు సూత్రంగా ఉన్న ఎత్తు ఇప్పుడు ఒట్టి అంకెగా మిగిలింది. చేయవలసిందల్లా ఎత్తు జోలికి పోకుండా మట్టాన్ని 590 చేయడం. అసలు సమాచారం ఒక్క చోటే ఉండాలి, తెర దాన్ని చూసి మారాలి తప్ప మనం తెరను పట్టుకుని మార్చకూడదు అన్న సంగతి ఈ తప్పు దగ్గర బోధపడినంత బాగా ఏ ఉపన్యాసంలోనూ బోధపడదు. ఈ సంగతి ఒంటబట్టిన విద్యార్థి రేపు ఏ కంపెనీలో ఏ భాష వాడవలసి వచ్చినా తడుముకోడు.

గేట్ల సంగతీ అంతే. 'రిపీటర్'కు 26 అని చెబితే ఒకసారి గీసిన గేటు 26 సార్లు వస్తుంది. ప్రతి గేటుకూ మూసి ఉన్నది, ఎత్తినది అని రెండు స్థితులు చెప్పి, ఒక స్థితి నుంచి మరో స్థితికి ఎలా మారాలో 'ట్రాన్సిషన్'లో చెప్పాలి. గేట్లు ఒకదాని వెనుక ఒకటి లేవాలంటే, సున్నాతో మొదలయ్యే వరుస సంఖ్యను 60తో గుణించి అన్ని మిల్లీసెకన్లు ఆగి కదలమని చెబితే సరిపోతుంది. చివరి గేటు ఒకటిన్నర సెకను ఆగి లేస్తుంది. కదలికలో వేగం ఎలా పుంజుకోవాలో, ఎలా తగ్గాలో 'ఈజింగ్' అనే గుణంతో చెబుతారు. కొత్తగా నేర్చుకునే పిల్లలకు బంతిలా ఎగిరెగిరి ఆగే ఈజింగ్ మీద మోజు ఎక్కువ. టన్నుల బరువున్న ఉక్కు గేటు అలా ఎగరదు కదా అని అడిగి, మెల్లగా మొదలై మెల్లగా ఆగేదాన్ని పెట్టమంటాను. వస్తువు స్వభావానికి తగిన కదలికను ఎంచుకోవడం కూడా పాఠంలో భాగమే.

అసలు తెర మీద కదలిక ఎందుకు అన్న ప్రశ్నను మన సిలబస్‌లు పట్టించుకోవు. ఏది మారింది, ఎక్కడి నుంచి వచ్చింది, ఎటు పోయింది అన్నది చూసేవారికి తెలియజేయడానికే కదలిక. మార్కెట్ యార్డు బోర్డు మీద వడ్ల ధర ఉన్నపళంగా మారిపోతే, పక్కవారితో మాట్లాడుతూ నిలబడ్డ రైతుకు అది మారిందన్న సంగతే తెలియదు. పాత అంకె మసకబారి కొత్తది తేలి వస్తే చూపు అటు పోతుంది. అదే కదలిక అతి అయితే మనిషిని కష్టపెడుతుంది. జిల్లాలోని ఒక బస్టాండులో తెర మీద ఊళ్ల పేర్లు ఎంత వేగంగా పరుగెత్తుతాయంటే, దేవరకొండ అన్న పేరు చదివి బస్సు వేళ చూసేలోగా ఆ వరుస వెళ్లిపోతుంది, అది మళ్లీ తిరిగి వచ్చేదాకా పెద్దవాళ్లు మెడ ఎత్తుకుని నిలబడవలసి వస్తుంది. తనంతట తాను మొదలై 5 సెకన్లకు మించి సాగే కదలికను చూసేవారు ఆపుకునే వీలుండాలని, సెకనుకు 3 సార్లకు మించి ఏదీ మెరవకూడదని వెబ్ ప్రమాణాలు రూపొందించే డబ్ల్యూ3సీ సంస్థ అందుబాటు మార్గదర్శకాలు చెబుతున్నాయి. డిక్లరేటివ్ పద్ధతిలో కదలికల కాలాలన్నిటినీ ఒకే విలువకు కట్టేసి, ఆ విలువను పెంచి తెర మొత్తాన్ని నెమ్మది చేయవచ్చు, సున్నా చేసి కదలికలను ఆపేయవచ్చు. పోచంపల్లి ఇక్కత్‌లో నేతకు ముందే నూలుకు రంగులు పట్టించినట్టు, కదలికను కూడా తెర రూపకల్పన మొదట్లోనే నిర్ణయించుకోవాలి. అంతా అయ్యాక అతికించిన కదలిక అతికించినట్టే ఉంటుంది.

మన లిపికి సంబంధించిన చిక్కు మరొకటి ఉంది, అది ఇంగ్లిష్ పాఠాలు చదివేవారికి ఎదురుపడదు. వాక్యాన్ని టైపు చేస్తున్నట్టు ఒక్కో అక్షరంగా చూపించే యానిమేషన్ చాలామందికి ఇష్టం. ఇంగ్లిష్‌లో అది ఇబ్బంది లేకుండా పనిచేస్తుంది. తెలుగులో 'స్త్రీ' అన్న ఒక్క అక్షరం కంప్యూటర్ లోపల స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వం అని 6 సంకేతాలుగా ఉంటుంది. లెక్క ప్రకారం ఒక్కో సంకేతాన్నీ బయటపెడితే ముందు స, ఆపై స్, ఆపై స్త అని అక్షరం ఆరుసార్లు ఆకారం మార్చుకుంటూ కంటికి చికాకు కలిగిస్తుంది. వాక్యాన్ని ముందే పూర్తి అక్షరాలుగా విడదీసి జాబితాగా పెట్టుకుని, ఆ జాబితాలోంచి ఒక్కొక్కటిగా చూపించడమే దీనికి మందు. అక్షరాలకు కంప్యూటర్ సంకేతాలు నిర్ణయించే ప్రమాణం యూనికోడ్; 2023లో వచ్చిన దాని 15.1 సంచిక తెలుగు సహా కొన్ని భారతీయ లిపుల సంయుక్తాక్షరాలను విడగొట్టకుండా ఒకే అక్షరంగా లెక్కించే నియమాన్ని చేర్చింది. కొత్త లైబ్రరీలు (సిద్ధంగా దొరికే కోడ్ సముదాయాలు) దాన్ని పాటిస్తే ఈ పని తేలికవుతుంది. తెర మీద తాకితే విప్పుకునే పెట్టెల్లో ఎత్తును ఇంగ్లిష్ అక్షరాల కొలతతో బిగిస్తే కింది వొత్తులు తెగిపోవడం కూడా తరచుగా చూస్తున్నాను. పెట్టె ఎత్తును అందులోని రాత ఎత్తుకు బైండ్ చేస్తే ఆ బాధ ఉండదు. 2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు సంయుక్తాక్షరం వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలిన సంగతి, ఆపిల్ ఆ నెలలోనే సవరణ విడుదల చేసిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటాయి. మన అక్షరాల సంగతి తెలిసినవారు తెరలు తయారు చేసే చోట ఉండటం ఎంత అవసరమో దాన్నిబట్టే తెలుస్తుంది.

ఈ పద్ధతి నిన్న మొన్న వచ్చిన మోజు కాదు. కదలికను కాలాన్ని బట్టి మారే విలువగా వర్ణించవచ్చని కోనల్ ఇలియట్, పాల్ హుడాక్ అనే పరిశోధకులు 1997లోనే ఒక పరిశోధన పత్రంలో చూపించారు. నార్వేలో పుట్టిన క్యూట్ లైబ్రరీలో క్యూఎంఎల్ 2010లో 4.7 సంచికతో వచ్చింది. వెబ్‌కూ ఫోన్లకూ తెరలు తయారు చేసే ఇతర సాధనాల్లో 2013లో రియాక్ట్, 2018 చివర్లో ఫ్లట్టర్ తొలి పూర్తి సంచిక, 2019లో స్విఫ్ట్‌యూఐ, 2021లో జెట్‌ప్యాక్ కంపోజ్ తొలి పూర్తి సంచిక వచ్చాయి. వీటన్నిటికీ మూలంలో ఉన్న ఆలోచన ఒకటే. నిజానికి మన విద్యార్థులకు డిక్లరేటివ్ భాష కొత్తేమీ కాదు, డేటాబేస్ ల్యాబులో ఏ సమాచారం కావాలో చెప్పడానికి రాసే ఎస్‌క్యూఎల్ అటువంటిదే.

అన్నిట్లో క్యూఎంఎల్‌నే ఎందుకు అంటున్నానంటే, మన కళాశాలల్లో ఉన్న యంత్రాలను చూసి అంటున్నాను. ఫోన్ ఎమ్యులేటర్ (కంప్యూటర్ మీద ఫోన్‌ను అనుకరించే ప్రోగ్రామ్) తెరిస్తేనే ఆగిపోయే పాత కంప్యూటర్లలో కూడా ఇది లినక్స్ మీద నడుస్తుంది. గ్రాఫిక్స్ కార్డు లేకపోతే ప్రాసెసర్‌తోనే బొమ్మలు గీసే ఏర్పాటు ఇందులో ఉంది. ఓపెన్ సోర్స్ లైసెన్సు కింద నేర్చుకోవడానికి రూపాయి ఖర్చు లేదు. తెలుగు మాధ్యమం నుంచి వచ్చిన పిల్లలకు ఇంగ్లిష్ అడ్డు వస్తుందని కొందరు సహాధ్యాపకులు సందేహిస్తున్నారు. నా అనుభవం అందుకు విరుద్ధం. మొదటి అభ్యాసాలకు కావలసిన మాటలు కొద్ది. రాసిన పంక్తి ఫలితం వెంటనే తెర మీద కనిపిస్తుంది కాబట్టి, జావా భాషలో 'క్లాసు', 'మెథడ్' అనే భావనల దగ్గరే ఆగిపోయిన పిల్లలు కూడా ఇక్కడ ముందుకు వస్తున్నారు. అయితే పాత పద్ధతిని పూర్తిగా తీసేయమని నేను కోరడం లేదు. ఫైళ్లు చదవడం, నెట్‌వర్క్ నుంచి సమాచారం తేవడం, లెక్కలు చేయడం వంటివి వరుసగా ఆజ్ఞలు ఇచ్చే భాషల్లోనే సులువు. క్యూఎంఎల్ కూడా ఆ పనులను సీ ప్లస్ ప్లస్‌కో పైథాన్‌కో అప్పగిస్తుంది.

నల్లగొండలోని మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయం, మహబూబ్‌నగర్‌లోని పాలమూరు విశ్వవిద్యాలయం తమ పాఠ్య ప్రణాళిక సంఘాల్లో ఈ విషయం చర్చించి, డిగ్రీ కంప్యూటర్ కోర్సుల చివరి ఏడాది ల్యాబులో ఒక యూనిట్‌గానైనా దీన్ని చేర్చాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. పాలిటెక్నిక్‌ల విషయంలో సాంకేతిక విద్యా మండలి కూడా ఆలోచించాలి. తెలుగులో ల్యాబ్ మాన్యువల్ రాయడానికి ముందుకు వచ్చే అధ్యాపకులు రెండు జిల్లాల్లోనూ ఉన్నారు, వారిలో నేనూ ఒకడిని. అయితే యూనిట్ చేర్చి పరీక్షలో మాత్రం నిర్వచనాలు అడిగితే ప్రయోజనం ఉండదు. ప్రాక్టికల్ పరీక్షలో విద్యార్థి తయారు చేసిన తెర ముందు పరీక్షకుడు కూర్చుని, కదలిక ఇంకా పూర్తి కాకముందే అంకె మార్చి చూడాలి, తెలుగు వాక్యం ఇచ్చి వొత్తులు తెగకుండా వస్తున్నాయో లేదో చూడాలి, కదలికను ఆపే వీలు ఉందో లేదో చూడాలి, మార్కులు వాటిని బట్టి వేయాలి.

భవదీయుడు,
ఒక కంప్యూటర్ అధ్యాపకుడు,
నల్లగొండ