జ్వరమొస్తే మన్నిస్తారట, కంపెనీ పెడితే మన్నించరట: విద్యాశాఖ మంత్రి గారికి ఒక రొయ్యల రైతు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. ఇది నాలుగో ఉత్తరం. మొదటి మూడూ తమ పేషీ దాకా వచ్చాయో, దారిలోనే ఆగిపోయాయో తెలీదు. మధ్యలో ఆన్‌లైన్‌లో పెట్టిన అర్జీకి మాత్రం మెసేజ్ వచ్చింది, 'మీ అర్జీ పరిష్కరించబడినది' అని. ఏం పరిష్కరించారో అందులో రాయలేదు. ఇంజినీరింగ్ చదివే మా అబ్బాయి అటెండెన్స్ చాలక పరీక్షలకు ఆగిపోయి, ఇంకా డిటైన్ అయ్యే ఉన్నాడు. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను.

ఇంజినీరింగ్ పిల్లల్ని పారిశ్రామికవేత్తలుగా తయారుచేసే పాలసీల గురించి తమకు నేను చెప్పేదేముంది! 2019 జాతీయ ఇన్నోవేషన్, స్టార్టప్ పాలసీ తమకు కంఠతా వచ్చే ఉంటుంది. నేను మాత్రం మా మేనల్లుడి చేత తెలుగులో చెప్పించుకుని మూడుసార్లు విన్నాను. స్టార్టప్ నడిపే విద్యార్థికి అటెండెన్స్ తగ్గినా సరే, కాలేజీ అనుమతితో పరీక్షలకు కూర్చోనివ్వాలని అందులో ఉంది. మినీ ప్రాజెక్టు బదులు, మేజర్ ప్రాజెక్టు బదులు సొంత స్టార్టప్ పనినే చూపించుకోవచ్చని ఉంది. మొదటిసారి విన్నప్పుడు ఇది మావాణ్ణి చూసే రాశారేమో అనిపించింది.

మావాడు ఈసీఈ మూడో ఏడాది. మాకు లీజుకు తీసుకున్న మూడెకరాల వనామీ రొయ్యల చెరువుంది. రెండేళ్ళ కిందట ఒక రాత్రి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు పోయింది. కాపలా కుర్రాడు నిద్రపోయాడు. వాణ్ణి ఏమీ అనను, వాడూ మనిషే కదా. పగలంతా నీళ్ళకు ఆక్సిజన్ ఇచ్చే నాచే రాత్రిపూట దాన్ని పీల్చేసుకుంటుంది. తెల్లారుజామున నీళ్ళలో కరిగిన ఆక్సిజన్ అడుగంటుతుంది. సరిగ్గా ఆ వేళ నీళ్ళకు గాలి పట్టించే ఏరియేటర్లు ఆగిపోయాయి. నేను వెళ్ళేసరికి రొయ్య మొత్తం తేలి ఉంది. రొయ్య పట్టడానికి ఇంకా మూడు వారాలే ఉందప్పటికి.

ఆ సెలవుల్లో మావాడూ, వాడి స్నేహితులిద్దరూ కలిసి ఒక పెట్టె తయారుచేశారు. మొదట నీళ్ళలో ఆక్సిజన్ కొలిచే ప్రోబ్ పెట్టి చూశారు. నాలుగు రోజులకే దానికి పాకుడు పట్టి తప్పు లెక్కలు చూపించడం మొదలుపెట్టింది. దాంతో నీళ్ళను వదిలేసి మోటారును పట్టుకున్నారు. ఏరియేటర్ తీసుకునే కరెంటు పడిపోయినా, లైను పోయినా ఆ పెట్టెలో ఉన్న సిమ్ నుంచి రైతుకి ఫోన్ వెళ్తుంది. ఎత్తకపోతే రెండో నంబరుకి వెళ్తుంది. వెల 4,500 రూపాయలు. చుట్టుపక్కల 14 చెరువులకు పెట్టారు. చెప్పడానికి రెండు ముక్కలే. కానీ వానకు పెట్టెలోకి నీళ్ళు వెళ్ళాయి, ఎలుకలు వైర్లు కొరికేశాయి, ఒక రైతుకైతే ఒక్క రాత్రిలో 11 ఉత్తుత్తి కాల్స్ వెళ్ళాయి. ఆయన తిట్టిన తిట్లు ఏ సిలబస్‌లోనూ ఉండవు. అవన్నీ సరిచేసుకున్నది రాత్రిళ్ళే, గట్ల మీదే.

వేసవి పంట నాలుగు నెలలు. సెమిస్టర్ క్లాసులు 16 వారాలు. రెండూ ఒకేసారి మొదలవుతాయి, ఒకేసారి అయిపోతాయి. సెలవులిచ్చేదాకా ఆగమని రొయ్యకు చెప్పలేం కదండీ. రాత్రి మూడింటికి గట్టు మీద ఉన్నవాడు పొద్దున తొమ్మిదింటికి బస్సు దిగి క్లాసులో కూర్చోవాలి. కొన్నాళ్ళు కూర్చున్నాడు. తర్వాత కూర్చుని నిద్రపోయాడు. ఆ తర్వాత వెళ్ళడం తగ్గించాడు.

మినీ ప్రాజెక్టుగా ఈ పెట్టెనే తీసుకోమని అడిగితే, 'ఇది ఆక్వా సబ్జెక్టు, మన బ్రాంచి కాదు, వేరే టాపిక్ చూసుకో' అన్నారు. అంతా చేసేదే మావాడూ చేశాడు. ప్రాజెక్టు సెంటర్‌కి వెళ్ళి ఆరు వేలు పోసి రెడీమేడ్ ప్రాజెక్టు కొనుక్కొచ్చాడు. దానికి మంచి గ్రేడే వచ్చింది. చేతులతో చేసింది పనికిరాలేదు, కొనుక్కొచ్చింది పనికొచ్చింది. ఇదీ వ్యాపారపాఠమే అనుకుంటే నాకు అభ్యంతరం లేదు.

ఇక అటెండెన్స్. 75 శాతం ఉండాలి. 65 నుంచి 75 మధ్య ఉంటే ఆరోగ్యం బాగాలేదని కాగితం పెట్టుకోవచ్చు. 65 లోపైతే ఎవరూ ఏమీ చేయలేరు. సెమిస్టర్ మధ్యలో 67కి వచ్చినప్పుడు నేనే కాలేజీకి వెళ్ళాను. పాలసీలో ఆ పేరా ప్రింటు తీయించుకుని మరీ వెళ్ళాను. ఆఫీసులో ఒకాయన చదివి, మర్యాదగానే చెప్పాడు: 'బావుందండీ, కానీ మాకు యూనివర్సిటీ నుంచి సర్క్యులర్ రావాలి. ఈలోపు టైఫాయిడ్ సర్టిఫికెట్ తెచ్చుకోండి.' మావాడు ఒప్పుకోలేదు. 'నాకు జ్వరం లేదు కదా నాన్నా' అన్నాడు. నిజం దాచడమెందుకు, నేనే తెచ్చాను. 300 తీసుకున్నారు. చివరికి అదీ పనికిరాలేదు, లెక్క 64.1 దగ్గర ఆగింది.

అంటే అయ్యా, పడక మీద పడుకున్నవాడికి పది శాతం మినహాయింపు ఉంది, పని చేసినవాడికి లేదు. ఇది మీకు తెలిసే జరుగుతోందా?

అదే నెలలో కాలేజీలో స్టార్టప్ దినం చేశారు. మావాడికి ఫోన్ చేసి పిలిపించారు. పెట్టెను టేబుల్ మీద పెట్టించి ముఖ్య అతిథికి చూపించారు, శాలువా కప్పారు, ఫొటోలు తీసుకున్నారు. ఈ ఏడాది అడ్మిషన్ల బ్రోషర్‌లో నాలుగో పేజీలో మావాడి బొమ్మ ఉంది. డిటెన్షన్ లిస్టులో పేరూ ఉంది. రెండూ ఒకే నోటీసు బోర్డు మీద చూశాను. ఆ రోజు క్లాసు పోయినందుకు కూడా అటెండెన్స్ ఇవ్వలేదు.

గ్యాప్ ఇయర్ తీసుకోవచ్చు కదా అంటారేమో. యూనివర్సిటీ నిబంధనల్లో ఉంది, తెలుసు. వ్యాపారం పెట్టుకునే విద్యార్థి మధ్యలో ఏడాది ఆగి రావచ్చు. మేమూ అడిగాం. ఆగితే ఫీజు రీయింబర్స్‌మెంట్ మళ్ళీ వస్తుందా అంటే, 'ఇంతవరకు తీసుకున్నవాళ్ళు లేరండీ, మాకేం తెలుసు' అన్నారు. యూనివర్సిటీలో అడిగితే ఫీజు సంగతి సంక్షేమశాఖ వాళ్ళను అడగమన్నారు. వాళ్ళు కాలేజీలో అడగమన్నారు. ఆ త్రికోణంలో నేను నాలుగుసార్లు తిరిగాను, డీజిల్ ఖర్చు నాది. డబ్బున్న ఇంటి పిల్లాడు ఏడాది ఆగితే ఆగుతాడు. రీయింబర్స్‌మెంట్ మీద చదివేవాడు ఆ ధైర్యం చేస్తాడా? ఇప్పుడు డిటైన్ అయ్యాడు కాబట్టి ఆ ఏడాది ఫీజు మేమే కట్టుకోవాలన్నారు. గ్యాప్ ఇయర్ తీసుకున్నట్టే అయింది, కాకపోతే అవమానంతో, సొంత ఖర్చుతో.

మంగళగిరిలో రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ తెరిచారు. సంతోషం. కుటుంబానికో పారిశ్రామికవేత్త అంటున్నారు. ఇంకా సంతోషం. మా కుటుంబంలో ఒకడు తయారయ్యాడు, లెక్కలో రాసుకోండి. వాణ్ణి పరీక్ష హాల్లోకి కూడా రానివ్వండి. ఒక్క సర్క్యులర్ చాలు. కాలేజీలు అదే అడుగుతున్నాయి. 2019లో రాసిన వాక్యానికి ఇన్నేళ్ళయినా మా కాలేజీకి సర్క్యులర్ రాకపోవడమేమిటో నాకు అర్థం కాదు. మావాడికి మినహాయింపు ఇవ్వండి, వాడి స్నేహితుడికీ ఇవ్వండి, వాడూ డిటైన్ అయ్యాడు. ప్రాజెక్టు సంగతి చూడండి. ఫీజు సంగతి ఎవరో ఒకరు చెప్పేలా చేయండి. ఏదీ కుదరదంటే కుదరదనే ఒక ముక్క రాసి పంపండి, దయచేసి 'పరిష్కరించబడినది' అని మాత్రం రాయకండి.

రీఅడ్మిషన్ ఫీజు కట్టడానికి ఈ నెల 28 ఆఖరు. మావాడు కట్టొద్దంటున్నాడు, చదువు మానేసి పెట్టెలు చేసుకుంటానంటున్నాడు. వాళ్ళమ్మ రెండు రోజులుగా వాడితో మాట్లాడటం లేదు. నాకు వాడి డిగ్రీ కావాలి, ఆ పెట్టె కూడా కావాలి. మొన్న రాత్రి మూడూ నలభైకి నన్ను లేపింది అదే.

ఇట్లు,
గోదావరి డెల్టా నుంచి ఒక రొయ్యల రైతు