చివరి వరుసలో స్లాట్ వచ్చిన మా చిన్నికి

చిన్నీ,

అరవై మంది విమానంలోంచి దూకి గాల్లో ఒకరినొకరు పట్టుకుని ఒక బొమ్మ కట్టే జంపులో నీకూ ఒక స్లాట్, అంటే చోటు, దొరికిందన్న నీ మెసేజ్ చూసి ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ఆ వెంటనే పంపిన రెండోది చదివాక మాత్రం మనసు చివుక్కుమంది. నిన్ను బయటి వరుసలో, అదీ విమానంలోంచి ఆఖరున దూకేవాళ్లలో పెట్టారని, నీ మీద నమ్మకం లేకే అలా చేశారని రాశావు. అసలు సంగతి అందుకు పూర్తిగా తలకిందులు తల్లీ. ఇది ఫోన్లో తేలే విషయం కాదు, అందుకే కూర్చుని రాస్తున్నాను.

నాకు ఇలా గాల్లో కలిసి కట్టే ఫార్మేషన్ జంపులు నేర్పినవాళ్లు 1960లలో కాలిఫోర్నియాలో దూకిన తరం. నేను వాళ్ల దగ్గరికి చేరేసరికి చాలామందికి తల నెరుస్తోంది. సాయంత్రం జంపులు అయిపోయాక ప్యారాచూట్లు మడతపెట్టుకుంటూ పాత రోజులు తలుచుకునేవాళ్లు. ఆ కబుర్ల కోసమే నేను ఇంటికి ఆలస్యంగా బయల్దేరేవాణ్ణి. వాళ్ల కాలంలో వీపు మీద పెద్ద ప్యారాచూట్, పొట్ట దగ్గర అత్యవసరానికి రిజర్వ్ ప్యారాచూట్, కాళ్లకి బరువైన బూట్లు. 7,200 అడుగుల నుంచి దూకితే చేతిలో ఉండేది 30 సెకన్లు, 12,500 నుంచైతే నిమిషం. ఆ కాస్త సమయంలోనే 1965లో ఎనిమిది మంది గాల్లో చేతులు పట్టుకుని వలయం కట్టారు. స్టార్ అనేవాళ్లు దాన్ని. 1967లో కాలిఫోర్నియాలోనే టాఫ్ట్‌లో పది మంది కట్టారు. నువ్వు వెళ్తున్న క్యాంపు ముందు పది చాలా చిన్న సంఖ్య. కానీ అంతకు ముందు పదేళ్లు కూడా కాలేదు, గాల్లో ఒకరి చేతిలోంచి ఇంకొకరు చిన్న కర్ర అందుకుంటేనే గొప్పగా చెప్పుకునేవాళ్లు.

ఆ స్టార్‌లోకి వెళ్లే పద్ధతి వాళ్లు నేల మీద నిలబెట్టి మరీ నేర్పారు. పక్కపక్కన ఉన్న ఇద్దరి మణికట్లు పట్టుకుని ఒక్కసారి ఊపాలి. అప్పుడు వాళ్లు తమ పట్టు వదిలి దారిస్తారు, ఆ మధ్యలోకి నువ్వు ఒదిగిపోవాలి. విసురుగా వచ్చి తగిలావో, ఆ కుదుపు చేతుల మీదుగా వలయమంతా పాకుతుంది. ఒక పక్క పైకి లేస్తుంది, మిగతావాళ్లంతా గరాటులో పోసినట్టు మధ్యలోకి జారి ఒకరి మీద ఒకరు పడతారు. మొదటి ఇద్దరు కలిసినప్పుడు చెడేదేమీ ఉండదు. తొమ్మిదో మనిషి వచ్చేటప్పటికి ఎనిమిది మంది కష్టం ఆ మనిషి చేతుల్లో ఉంటుంది.

ఆ పాతవాళ్ల జంప్‌సూట్ల మీద స్టార్ క్రెస్ట్ బ్యాడ్జీ ఉండేది. తొలి స్టార్లని గాల్లోనే ఫొటోలు తీసిన బాబ్ బుకోర్ 1966లో నీళ్లలో మునిగి చనిపోయాడు. అతని జ్ఞాపకంగా మరుసటి ఏడాది బిల్ న్యూవెల్ ఆ బ్యాడ్జీలని మొదలుపెట్టాడు. ఎనిమిది మంది, లేదా అంతకు మించిన స్టార్‌లో ఉన్నవాళ్లకి ఒక బ్యాడ్జీ. అలాంటి స్టార్‌లోకి ఎనిమిదో మనిషిగా గానీ ఆ తర్వాత గానీ వెళ్లి కలిసినవాళ్లకి ఇంకొకటి, విడిగా. చిన్నీ, ఈ విద్య పుట్టిన కొత్తల్లోనే, దాన్ని పుట్టించినవాళ్లే, ఆలస్యంగా చేరేవాళ్ల పని వేరు అని గుర్తించి దానికి వేరే గౌరవం పెట్టారు. ఇది నువ్వు తెలుసుకోవాలని నా కోరిక.

ఎందుకు వేరో నీకు తెలుసు, అయినా ఒకసారి నాతో పాటు ఊహించు. పాత డీసీ-3 విమానం. తలుపు తీసేసి ఉంటుంది. ఫ్లోటర్లు బయట అంచు పట్టుకుని వేలాడుతుంటారు, బేస్ వాళ్లు, అంటే మధ్యలో అందరికన్నా ముందు కలిసేవాళ్లు, గుమ్మంలో కుదురుకుంటారు, మిగతావాళ్లంతా వెనక ఒకళ్ల వీపుకి ఒకళ్లు ఆనుకుని నిలబడతారు. అందరూ తోక వైపు జరిగేసరికి విమానం ముక్కు పైకి లేస్తుంది, కాళ్ల కింద నేల వాలుతుంది. దూకడానికి లెక్కపెట్టే కౌంట్ వినపడదు, ముందున్నవాళ్ల భుజాలు కదలడమే గుర్తు. అందరూ పరుగెడతారు. ఆఖరి మనిషి గుమ్మం దాటేసరికి బేస్ వందల అడుగుల కింద ఉంటుంది. పొట్ట కిందికి పెట్టి పడే మనిషి వేగం గంటకి దాదాపు 190 కిలోమీటర్లు. ఆ బేస్‌ని అందుకోవాలంటే తల కిందికి పెట్టి అంతకన్నా చాలా వేగంగా దూసుకెళ్లాలి. వెళ్లి, సరిగ్గా ఆ ఎత్తు దగ్గర ఆ వేగమంతా చంపుకోవాలి. కాస్త ముందు ఆపితే పైన తేలుతూ ఉండిపోతావు, కాస్త ఆలస్యమైతే కిందికి పోతావు. కిందికి పోయినవాళ్లు మళ్లీ పైకి రావడం ఎంత కష్టమో నీకు చెప్పక్కర్లేదు.

మా జట్టులో ఒకావిడ ఉండేది. సన్నగా ఉండేది, అందుకని నడుముకి సీసం బరువులు కట్టుకుని దూకేది. ముప్పై మందైనా నలభై మందైనా ఆఖరి స్లాట్ ఆవిడదే. ఒక జంపులో నేను ఆవిడ పక్క స్లాట్‌లో ఉన్నాను. అందరం పట్టుకున్నాం, నా ఎడమ పక్క ఖాళీ. ఎత్తు చూపే ఆల్టీమీటర్ ముల్లు తిరుగుతోంది. ఎదురుగా ఉన్నవాడి కళ్లు నా భుజం మీదుగా వెనక్కి చూస్తున్నాయి. నేను తల తిప్పలేదు, తిప్పితే నా వరుస కదులుతుంది. కాసేపటికి ఆ కళ్లు విప్పారాయి. నా మోచేతి దగ్గర టపటప కొట్టుకుంటున్న గుడ్డ చప్పుడు ఆగింది, అంతే. తగిలినట్టు కూడా లేదు. ఆ చెయ్యి నా స్లీవ్ మీద పడిందని ఆ చప్పుడు ఆగడం వల్లే తెలిసింది. ఇప్పటికీ మా పాతవాళ్లం కలిస్తే ముందు ఆవిడ మాటే వస్తుంది. ఆ జంపుల్లో బేస్‌లో ఎవరున్నారని అడిగితే ఒక్కొక్కళ్లు ఒక్కో పేరు చెబుతారు.

పెద్ద రికార్డుల్లో నేను లేను, నా జంపులు నలభై మంది ఫార్మేషన్ల దగ్గరే ఆగిపోయాయి. కానీ వాటి గురించి దొరికిందల్లా చదివాను. 1988లో ఇల్లినాయిస్‌లోని క్విన్సీలో 144 మంది, 1992లో మర్టల్ బీచ్‌లో 200 మంది, 2002లో అరిజోనాలోని ఇలోయ్‌లో 300 మంది. 2006 ఫిబ్రవరి 8న థాయ్‌లాండ్‌లోని ఉడాన్ థానీ మీద 400 మంది. ఐదు సీ-130 విమానాలు, ఆక్సిజన్ పీలుస్తూ అంత ఎత్తుకి ఎక్కడం, ఆ ఏర్పాట్లన్నీ చేసి వాళ్లు అందరూ కలిసి పట్టుకుని ఉన్నది 4.25 సెకన్లు. ఆ 4.25 మొదలైంది ఎప్పుడు? ఆఖరి మనిషి పట్టుకున్నాక. ముందే గీసుకున్న బొమ్మలో ప్రతి ఒక్కరూ తమ స్లాట్‌లోనే ఉండాలి, ఒక్క పట్టు తక్కువైనా రికార్డు కాదు. 399 మంది ఎంత బాగా చేసినా సరే. 2009లో కాలిఫోర్నియాలోని పెరిస్ వ్యాలీలో 181 మంది ఆడవాళ్లు కట్టిన ఫార్మేషన్ ఫొటో ఒకసారి వెతికి చూడు. మధ్యలోని బేస్ మీద కాకుండా అంచున ఉన్నవాళ్ల మీద దృష్టి పెట్టు.

ఇక పనికొచ్చే మాటలు కొన్ని. దగ్గరికి వచ్చేటప్పుడు చూపు నీ స్లాట్ మీదే పాతేయకు, దాని మీదుగా మధ్యలోని బేస్‌ని చూడు. ఫార్మేషన్ ఎంత వేగంతో పడుతోందో, నువ్వు ఏ ఎత్తులో ఉన్నావో అక్కడే తెలుస్తుంది. ఎవరి మీదుగానూ వెళ్లకు, మనిషి పైన గాలి ఖాళీ, నువ్వు నేరుగా ఆ మనిషి వీపు మీద పడతావు. కిందికి పోతే మాత్రం దయచేసి ఫార్మేషన్ అడుక్కి రాకు. పక్కకి జరిగి, దూరంగా ఉండి, అందరూ విడిపోయే బ్రేక్ ఆఫ్ టైముకి వెళ్లిపో. ఆ ఒక్క జంపు పోతే పోయింది. బయటి వరుస ముందు విడిపోవాలి కాబట్టి నీకు పట్టుకుని ఉండే సమయం అందరికన్నా తక్కువ దొరుకుతుంది. దానికి బాధపడకు. తిరిగి ట్రాక్ మొదలుపెట్టాక, అంటే అందరికీ దూరంగా దూసుకెళ్లేటప్పుడు, వెనక్కి చూస్తూ ఉండిపోకు, నీ వెనక వరుస అదే దిక్కులో వస్తుంటుంది. ప్యారాచూట్ తెరుచుకున్నాక చుట్టూ అరవై ఉంటాయి, తల తిప్పుతూనే ఉండు.

ఇంకొకటి, ఇది నాన్నగా అడుగుతున్నాను. కింద నేల కనపడకుండా మబ్బు కమ్మితే, ఎంతమంది సరే అన్నా నువ్వు దూకొద్దు. 1967 ఆగస్టు 27న ఒహాయోలో బీ-25 విమానంలోంచి 18 మంది మబ్బుల మీద దూకారు. రాడార్ దగ్గర వేరే విమానాన్ని వీళ్లదనుకుని చోటు చెప్పారు. మబ్బులు దాటి కిందికి వచ్చేసరికి ఈరీ సరస్సు. 16 మంది మునిగిపోయారు. నాకు నేర్పినవాళ్లు మిగతా కథలన్నీ ఉత్సాహంగా చెప్పేవాళ్లు, ఇది మాత్రం కొత్తవాళ్లని కూర్చోబెట్టి, ఏటా ఒకసారి, నెమ్మదిగా చెప్పేవాళ్లు. విమానంలో ఉన్న అందరి జంపూ ఆగిపోయినా సరే, నువ్వు విమానంలోనే కిందికి రా. ఎవరైనా ఏమైనా అంటే నాన్న చెప్పాడని చెప్పు.

డర్ట్ డైవ్‌లో, అంటే నేల మీద చేసే రిహార్సల్‌లో, నడిచేటప్పుడు నీ ఎదురుగా ఎవరు వస్తారో మొహం గుర్తుపెట్టుకో, గాల్లో హెల్మెట్ల వల్ల పోల్చుకోలేవు, జంప్‌సూట్ రంగు కూడా చూసుకో. ముందు రోజు రాత్రి తొందరగా పడుకో. నీకు టెన్షన్ వస్తే తిండి మానేస్తావు, అది చెయ్యకు.

క్యాంపు అయ్యాక వాళ్లిచ్చే వీడియో మొత్తం పంపు, నీ వైపు ముక్క ఒక్కటే కాదు. విమానంలోంచి మొదటి మనిషి దూకిన దగ్గర నుంచి చూడాలి నాకు. అమ్మ తన మాటగా ఒకటే రాయమంది, దిగగానే ముందు తనకి ఫోన్ చెయ్యాలట, ఆ తర్వాతే నాకు.

నీ
నాన్న