పాత బస్సు బాగుచేత: మూడు దశల జమా ఖర్చుల వివరణ

చందాలు ఇచ్చిన అందరికీ నమస్కారం.

కర్నూలులో హంద్రీ నది పక్క పేటలో, యజమాని మనవడి ఇంటి దొడ్లో షెడ్డు వేసి బాగుచేస్తున్న బస్సు లెక్కలు ఇవి. 2023 ఏప్రిల్ నుంచి 2025 మార్చి ఆఖరు దాకా వచ్చిన ప్రతి రూపాయీ, పోయిన ప్రతి రూపాయీ ఇందులో ఉన్నాయి. మొత్తం జమ రూ. 3,25,100. మొత్తం ఖర్చు రూ. 2,94,428. నిల్వ రూ. 30,672. ఈ నిల్వలో రూ. 29,172 బ్యాంకు ఖాతాలోనూ, రూ. 1,500 కోశాధికారి దగ్గర చిల్లర ఖర్చులకూ ఉన్నాయి.

దాదాపు మూడు లక్షలు ఖర్చయినా బండికి రంగు కూడా పడలేదేమని చాలామంది అడుగుతున్నారు. బస్సు చూడ్డానికి వచ్చిన ఒక పెద్దాయన చుట్టూ తిరిగి, "ఏమప్పా, డబ్బులన్నీ బండి కడుపులో పోసినారా?" అని అడిగినారు. అవును, అక్కడే పోశాం. అడుగున పోయాల్సిందంతా పోశాకే పైకి రావాలని మొదటి మీటింగులోనే తీర్మానించాం. పైన రంగు కొట్టి, పూలదండ వేసి, ఫొటోలు తీయించాలంటే నలభై వేలతో అయిపోయేది. రెండు వానాకాలాలు గడిచేసరికి ఆ రంగు కిందనుంచే తుప్పు పొంగి, మీరిచ్చిన డబ్బు పెచ్చులుగా రాలిపోయేది.

ముందు జమ సంగతి. చందాల పుస్తకాల మీద 143 మంది ఇచ్చింది రూ. 2,14,500. యజమాని కుటుంబం బస్సును ఉచితంగా ఇవ్వడమే కాక రూ. 50,000 నగదు ఇచ్చింది. రిటైరైన డ్రైవర్లు, కండక్టర్లు, మెకానిక్కులు తమలో తాము పోగుచేసి తెచ్చింది రూ. 38,600. బండి నుంచి తీసేసిన ఇనుము 412 కిలోలు, కిలో 32 చొప్పున రూ. 13,184 వచ్చింది. పనికిరాని అల్యూమినియం ముక్కలు 58 కిలోలు, కిలో 120 చొప్పున రూ. 6,960. బ్యాంకు వడ్డీ రూ. 1,856. పాత ఇనుము తూకం వేసినప్పుడు కమిటీ సభ్యులు ఇద్దరు దగ్గరుండి తూకం చీటీల మీద సంతకాలు పెట్టారు. ఆ చీటీలు ఫైల్లో ఉన్నాయి.

వస్తువుల రూపంలో వచ్చినవాటికి మేము ధర కట్టలేదు. ఎమ్మిగనూరు దాత ఒకరు 9.00-20 సైజు టైర్లు ఆరు పంపారు. పాతవే అయినా అరుగుదల తక్కువ. పాతబస్తీలో మిద్దె పడగొట్టినప్పుడు వచ్చిన టేకు దూలాలను ఆ ఇంటివాళ్లు అమ్ముకోకుండా మనకిచ్చారు. వీటికి మనమే ఓ రేటు వేసి జమలో చూపిస్తే లెక్క పెద్దదిగా కనబడుతుంది తప్ప ఖాతాలో రూపాయి పెరగదు. అందుకే స్టాకు పుస్తకంలో విడిగా రాశాం.

ఈ బస్సు మీద ఇంతమందికి ఎందుకింత పట్టుదలో కొత్తగా చందా ఇచ్చినవాళ్ల కోసం రెండు మాటలు. ఇది టాటా మెర్సిడెస్ బెంజ్ చాసిస్ (ఇంజను, చక్రాలు ఉండే అడుగు చట్రం). ముందు మూతి మీద మూడు కొమ్మల నక్షత్రం ఇప్పటికీ ఉంది. టాటా వాళ్లకు ఆ జర్మన్ కంపెనీతో ఒప్పందం 1954 నుంచి 1969 వరకు నడిచింది. ఆ రోజుల్లో జంషెడ్‌పూర్ నుంచి వచ్చేది ఉత్త చాసిస్సే. టేకు చట్రం కట్టి, పైన అల్యూమినియం రేకు రివెట్లతో బిగించి, బాడీ ఇక్కడే కట్టించుకునేవాళ్లు. అప్పట్లో మన జిల్లాలో ప్రైవేటు సర్వీసులదే రాజ్యం. ఆర్టీసీ 1958లో ఏర్పడింది. తర్వాత కర్నూలు జిల్లా రూట్లను జాతీయం చేసే స్కీముల మీద ఇక్కడి ఆపరేటర్లు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 1964లో ఆ తీర్పులో వచ్చిన వ్యాఖ్యల కారణంగానే ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి గారు రాజీనామా చేశారు. ఒక ముఖ్యమంత్రి పదవి వదులుకునేదాకా వెళ్లిన చరిత్ర మన జిల్లా బస్సులది. ఆ కాలం బండి ఒకటి మన కళ్లముందే పాత ఇనుముకు పోతుంటే ఊరుకోవడం మాకెవరికీ మనసొప్పలేదు.

ఇక ఖర్చు. మొదటి దశ బస్సును కదిలించి నీడ పట్టున పెట్టడం. క్రేను, లారీ కలిపి రూ. 14,000. పైపులు, రేకులు, కూలితో షెడ్డు రూ. 46,500. చాసిస్ కింద పెట్టే దిమ్మెలు, జాకీలకు రూ. 7,200. ఈ దశకు మొత్తం రూ. 67,700. బస్సు కన్నా ముందు షెడ్డుకెందుకని కొందరు అడిగారు. నీడ లేకుండా ఇలాంటి పని సాగదు. ఎండాకాలంలో పొద్దున పది దాటితే రేకు మీద చెయ్యి ఆనదు. వానాకాలంలో గీకి శుభ్రం చేసిన ఇనుము తెల్లారేసరికి ఎర్రబడుతుంది.

రెండో దశ తుప్పు. ఎక్కువ రోజులు పట్టింది ఇదే, మేము ఎక్కువ శ్రద్ధ పెట్టిందీ ఇక్కడే.

2009 అక్టోబరు వరద కర్నూలులో ఎవరూ మరిచిపోలేదు. తుంగభద్ర, హంద్రీ రెండూ ఊరి మీద పడినప్పుడు ఈ బస్సు మునిగింది. నీళ్లు దిగిపోయాయి గానీ ఒండ్రు లోపలే ఉండిపోయింది. ఫ్లోరు కింద అడ్డంగా ఉండే బేరర్లు పెట్టెలాగా మూసి ఉంటాయి. బయట తుడిస్తే శుభ్రంగానే కనిపిస్తాయి. మా పెద్ద మెకానిక్ గారు చిన్న సుత్తితో ఒక్కొక్కదాన్నే తడుతూ పోయారు. గట్టి ఇనుము ఖంగుమంది. కొన్నిచోట్ల దబ్బుమంది. వెనక చక్రాల మీది బేరరు దగ్గర సుత్తి మూతి లోపలికే దిగిపోయింది. ఆ కన్నాన్ని పెద్దది చేస్తే పిడికెళ్ల కొద్దీ మెత్తటి బూడిదరంగు మన్ను జారింది. అందులో నత్తగుల్లలు కూడా ఉన్నాయి. వాన పడిన ప్రతిసారీ ఆ మన్ను తేమ పీల్చుకుని, ఇనుమును లోపలినుంచి ఇన్నేళ్లుగా తింటూ వచ్చింది. ఆ రోజు దొడ్లో ఉన్నవాళ్లెవరూ రంగు మాట ఎత్తలేదు.

తీసివేత కూలి రూ. 18,000. గ్రైండరు చక్రాలు, వైరు బ్రష్షులు రూ. 5,850. బ్లాస్టింగ్ (గాలి ఒత్తిడితో గరుకు పొడి కొట్టి తుప్పు, పాత రంగు వదలగొట్టడం) రూ. 27,000. ఈ చివరి పద్దు గురించి వివరంగా చెప్పాలి. ఏటి ఇసుకతో బ్లాస్టింగ్ చేయిస్తే ఇంకా తక్కువలో అయ్యేది. కానీ ఆ ఇసుక దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తుంది, దానికి మందు లేదు. పని చేసేవాళ్లు మన పిల్లలే, చుట్టూ ఇళ్లున్నాయి. పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం కూడా ఉంది. అందుకే కాపర్ స్లాగ్ (రాగి తయారీలో మిగిలే చిట్టెం) తెప్పించి, షెడ్డు చుట్టూ టార్పాలిన్లు కట్టి, పని చేసేవాళ్లకు సరైన మాస్కులు ఇచ్చి చేయించాం. ఇందులో ఒక్క రూపాయి కూడా ఎక్కువ పెట్టామని కమిటీ అనుకోవడం లేదు. ఇలాంటి పని మళ్లీ చేయించాల్సి వచ్చినా ఇలాగే చేయిస్తాం.

కొత్త బేరర్లకు, పక్క కమ్ములకు ఇనుము 236 కిలోలు, కిలో 72 చొప్పున రూ. 16,992. వెల్డింగ్ కూలి, రాడ్లు రూ. 24,500. ప్రైమరు, చాసిస్ నల్ల రంగు రూ. 11,340. బ్లాస్టింగ్ ఎంతమేర అయితే అంతమేరకూ అదే రోజు సాయంత్రానికి ప్రైమరు పడాలి. రాత్రి దాటితే మళ్లీ గీకాల్సిందే. అందుకని చాసిస్‌ను ముక్కలుగా పంచుకుని, పొద్దున బ్లాస్టింగ్, మధ్యాహ్నం ప్రైమరు చొప్పున పూర్తిచేశాం. కొత్త బేరర్లకు అడుగున నీళ్లు కారిపోయే రంధ్రాలు పెట్టించాం. రెండో దశ మొత్తం రూ. 1,03,682.

మూడో దశ ఇంజను, బ్రేకులు. ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజను జామైపోయిందనుకున్నాం. నాజిల్సు (సిలిండర్లలోకి డీజిలు చిమ్మే ముక్కులు) విప్పి, సిలిండర్లలో నూనె పోసి నానబెట్టి, క్రాంకును చేత్తో కొంచెం కొంచెంగా తిప్పుతూ వస్తే కదిలింది. బ్లాకు మార్చే ఖర్చు తప్పింది. రింగులు, బేరింగులు, గ్యాస్కెట్లు రూ. 31,400. మెకానిక్ కూలి రూ. 22,000. డీజిలు పంపు, నాజిల్సు క్యాలిబ్రేషన్ (డీజిలు సరైన కొలతలో పడేలా సరిచేయడం) రూ. 19,500. ఆ చిన్న పంపుకు అంత డబ్బా అనే ప్రశ్న వచ్చింది. పంపు లోపల డీజిలును నెట్టే ప్లంజరుకూ దాని గొట్టానికీ మధ్య సందు కొన్ని మైక్రాన్లే ఉంటుంది. జిగురుపట్టిన పాత డీజిలు గానీ, ట్యాంకు తుప్పు పొడి గానీ అందులోకి పోతే పంపు పాడైనట్టే. అందుకే ట్యాంకు కడిగించి లోపల పూత వేయించే పని (రూ. 4,200) ముందు పెట్టుకున్నాం. బ్రేకు లైనింగులు, వీల్ సిలిండర్లు, పైపులు రూ. 17,650. బ్యాటరీ, వైరింగు రూ. 13,900. మొత్తం రూ. 1,08,650.

ఇంజను స్టార్టు చేసిన రోజు చాలామంది వచ్చారు. రిటైరైన డ్రైవరు ఒకాయన ఫిల్టరు మీది స్క్రూ వదులుచేసి, లైన్లో గాలి పోయేదాకా హ్యాండ్ పంపు కొడుతూ కూర్చున్నారు. మొదట నురగ వచ్చింది, తర్వాత బుడగలు, ఆఖరికి బుడగ లేకుండా డీజిలు. అప్పుడు స్క్రూ బిగించి, "ఇప్పుడు కొట్టబ్బీ సెల్ఫ్" అన్నారు. రెండో దఫాకు అందుకుంది. ఆయన ఆ రోజు కూలి తీసుకోలేదు, భోజనం ఖర్చు కూడా మా పద్దులో రాయనివ్వలేదు.

ఇతర ఖర్చులు రూ. 8,396. ఇందులో కరెంటు రూ. 4,916. ఇంటివాళ్ల బిల్లులో కలవకుండా వేరే మీటరు పెట్టి, రీడింగు ప్రకారం కట్టాం. మిగతా రూ. 3,480 రసీదు పుస్తకాలకు, కరపత్రాలకు, బ్యాంకు చార్జీలకు.

ఒక పద్దు మాకు బాధ కలిగించేది. కిటికీ అద్దాల కోసం ఒక దుకాణానికి అడ్వాన్సుగా రూ. 6,000 ఇచ్చాం. సరుకు రాలేదు, డబ్బు కూడా తిరిగి రాలేదు. ఎన్నిసార్లు వెళ్లినా రేపు, ఎల్లుండి అంటున్నారు. రసీదు మా దగ్గరుంది. రావాల్సిన బాకీ అని చూపించి నిల్వను పెంచడం సరికాదని ఖర్చులోనే రాశాం. వసూలైతే ఆ సంవత్సరం జమలో చూపిస్తాం. ఇకమీదట సరుకు దొడ్లోకి వచ్చాకే చెల్లింపు.

రిజిస్ట్రేషన్ గురించి కూడా అడుగుతున్నారు. 2021లో కేంద్రం వింటేజ్ వాహనాలకు ప్రత్యేక నిబంధనలు తెచ్చిన మాట నిజమే. యాభై ఏళ్లు దాటిన సొంత వాడకపు టూవీలర్లకు, కార్లకు అవి వర్తిస్తాయి. బస్సు ఆ తరగతుల్లోకి రాదు. కాబట్టి దీన్ని రోడ్డు మీద తిప్పుతామని మేము ఎవరికీ మాట ఇవ్వలేదు, ఆ పేరుతో చందా అడగలేదు, ఆ పద్దు కింద పైసా ఖర్చు పెట్టలేదు. ఇంజను నడుస్తుంది, బ్రేకులు పడతాయి, దొడ్లో ముందుకీ వెనక్కీ కదులుతుంది. పిల్లలు ఎక్కి కూర్చుని, మన బస్సులు ఎలా ఉండేవో చూడడానికే ఈ బండి.

నాలుగో దశ బాడీ. టేకు మన దగ్గరుంది. వడ్రంగి పని, అల్యూమినియం రేకు, రివెట్లు, ప్రైమరు కలిపి అంచనా రూ. 1,85,000. పాత బాడీలో అల్యూమినియం ఇనుమును నేరుగా తాకినచోటల్లా, తేమ చేరి, రేకు తెల్లటి పొడిగా రాలిపోయింది. ఈసారి రెండింటి మధ్యా రబ్బరు పట్టీ వేసి, అల్యూమినియం రివెట్లే వాడాలని నిర్ణయించాం. ఆ పట్టీ ఖర్చు అంచనాలో కలిసే ఉంది. సీట్లు, అద్దాలు, రంగు ఐదో దశ. వాటికి ఇప్పుడు అంచనా వేయలేదు.

మన తీర్మానం ప్రకారం ఏ దశకైనా అంచనాలో ముప్పాతిక వంతు బ్యాంకులో పడ్డాకే పని మొదలుపెట్టాలి. నాలుగో దశకు ఆ మొత్తం రూ. 1,38,750. నిల్వ పోను ఇంకా రూ. 1,08,078 రావాలి. నోటిమాటగా రూ. 64,000 దాకా ఇస్తామన్నారు. చేతికందే వరకు అది ఏ లెక్కలోనూ చేరదు. అప్పు చేసి పని మొదలుపెట్టాలనే సూచన రెండుసార్లు వచ్చింది, రెండుసార్లూ కమిటీ వద్దంది. బస్సు షెడ్డులో, దిమ్మెల మీద, ప్రైమరుతో భద్రంగా ఉంది. ఆగినా చెడిపోదు.

బిల్లులు, వోచర్లు, తూకం చీటీలు, బ్యాంకు పుస్తకం ప్రతి ఆదివారం పొద్దున ఏడు నుంచి పది వరకు షెడ్డు దగ్గర బల్ల మీద ఉంటాయి. చందా ఇచ్చినవాళ్లే కాదు, ఎవరైనా వచ్చి చూడవచ్చు. ఏ పద్దు మీదైనా అనుమానం ఉంటే పక్కనున్న నోటు పుస్తకంలో రాసి సంతకం పెట్టండి. వచ్చే ఆదివారానికి జవాబు అదే పేజీలో రాసి పెడతాం.

ఇట్లు,
కోశాధికారి, కమిటీ సభ్యుల తరఫున
కర్నూలు