మాలర్ కథలో వదిలేసిన భాగం

సంపాదకుడు గారికి,

నమస్కారం. మొన్న ఆదివారం అనుబంధంలో ఆస్ట్రియా స్వరకర్త గుస్టావ్ మాలర్ మీద మీరు వేసిన వ్యాసం చదివాను. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతానికి తెలుగు పత్రికలో అరపేజీ చోటు దొరకడమే అరుదు కాబట్టి మొదట సంతోషించాను. చదువుతున్నకొద్దీ బాధేసింది. తొమ్మిదో సింఫనీ (పెద్ద వాద్యబృందం కోసం రాసే సుదీర్ఘ రచన) ఆయన ప్రాణం తీసిందని, పిల్లల చావు మీద పాటలు కట్టి ఆ చావును తన ఇంటికే పిలుచుకున్నాడని వ్యాసమంతా శాపాల చుట్టూనే తిరిగింది. నేను వయొలిన్ పాఠాలు చెప్పుకునేదాన్ని. మాలర్ సంగీతం ఏళ్ల తరబడి వింటున్నాను. ఆయన్ని జాతకం బాగోలేని మనిషిగా పాఠకులకు పరిచయం చేయడం అన్యాయమనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందు ఆ పాటల సంగతి. రూకర్ట్ అనే జర్మన్ కవి తన ఇద్దరు పిల్లలు పోయిన దుఃఖంలో రాసుకున్న కవితలవి. వాటిలో ఐదింటికి మాలర్ 1901-1904 మధ్య స్వరాలు కట్టాడు. బొహీమియాలో (ఇప్పటి చెక్ దేశం) సారా కాచి అమ్ముకునే ఇంట్లో పుట్టిన 14 మంది పిల్లల్లో ఆయన రెండోవాడు. తోబుట్టువుల్లో చాలామంది పసితనంలోనే పోయారు. ఎంతో ఇష్టమైన తమ్ముడు ఎర్నెస్ట్ కూడా చిన్న వయసులోనే పోయాడు. అలాంటి ఇంట్లో పెరిగినవాణ్ని ఆ కవితలు ఎందుకు కదిలించాయో వేరే చెప్పాలా? పెద్ద కూతురు మరియా 1907లో, ఐదేళ్లు నిండకుండానే, స్కార్లెట్ ఫీవర్ సోకి చనిపోయింది. మాలర్ 1911 మే 18న, 50 ఏళ్లకే, గుండె కవాటాలకు బ్యాక్టీరియా సోకి పోయాడు. పెన్సిలిన్ ఇంకా రాని రోజులవి. ఇందులో శాపం ఎక్కడుంది?

ఆయన్ని నిజంగా వెంటాడింది మనుషులు చేసిన పని. దాని గురించి మీ వ్యాసంలో ఒక్క వాక్యమైనా లేదు. వియన్నా రాజాస్థాన ఆపెరాలో, అంటే పాటలతో నడిచే నాటకాల సంస్థలో, పదవి యూదుడికి దక్కే పరిస్థితి లేకపోవడంతో, యూదుడైన 1897 ఫిబ్రవరిలో ఆయన కాథలిక్ మతం పుచ్చుకున్నాడు. ఆ ఏడాదే ఆపెరాకు డైరెక్టర్ అయ్యాడు. పదేళ్లు అక్కడే. నాటకం మొదలైతే హాల్లో దీపాలు ఆర్పించాడు, ఆలస్యంగా వచ్చినవాళ్లను మధ్యలో లోపలికి రానివ్వలేదు, గాయకులు డబ్బిచ్చి పెట్టుకునే చప్పట్ల బ్యాచిలను బయటికి పంపాడు. ఆల్‌ఫ్రెడ్ రోలర్ అనే చిత్రకారుడితో కలిసి రంగస్థలం రూపమే మార్చేశాడు. ఇంత చేసినా, మతం మారినా, పత్రికలు వదల్లేదు. ఆపెరాలో యూదుల పెత్తనం సాగుతోందని 1898లోనే ఒక వియన్నా పత్రిక పేరు లేకుండా వ్యాసం వేసింది. పత్రికల వాళ్లు ముఖ్యంగా గుర్తుపెట్టుకోవలసిన సంగతి ఇదని నా నమ్మకం.

ఏడాది పొడుగునా కండక్టర్‌గా వాద్యబృందాన్ని నడిపే పని కావడంతో సొంత రచనకు ఆయనకు దొరికింది వేసవి సెలవులే. సరస్సుల దగ్గర చిన్న గది కట్టించుకుని అందులో కూర్చుని రాసేవాడు. వయొలిన్ వాయించేవాళ్లు ఆయన నాలుగో సింఫనీలో రెండో భాగం తప్పక వినాలి. అక్కడ మొదటి వయొలిన్ కళాకారుడు పక్కన రెండో వయొలిన్ పెట్టుకుంటాడు. దాని నాలుగు తీగలూ మామూలు శ్రుతి కంటే ఒక స్వరం ఎక్కువకు బిగించి ఉంటాయి. చావు వీధిలో ఫిడేలు వాయిస్తూ వెళ్తున్నట్టు వినిపించాలని ఆయన ఉద్దేశం. నాదం గరుగ్గా, కొంచెం మొరటుగా వస్తుంది. మన శిష్యులు ఎవరైనా అలా వాయిస్తే ఆపేస్తాం. ఆయన మాత్రం కావాలనే అలా రాశాడు.

వియన్నా ఫిల్‌హార్మోనిక్ అనే ఆర్కెస్ట్రాలో ఆ మొదటి వయొలిన్ కుర్చీ 1881 నుంచి ఆర్నోల్డ్ రోజేది. మాలర్ చెల్లెల్ని పెళ్లాడిన బావగారు. 1938 జనవరిలో మాలర్ శిష్యుడు బ్రూనో వాల్టర్ అదే ఆర్కెస్ట్రాతో తొమ్మిదో సింఫనీ వాయింపించినప్పుడు కూడా అక్కడ కూర్చున్నది రోజేనే. ఆ రికార్డింగ్ ఈనాటికీ దొరుకుతుంది. రెండు నెలలు తిరక్కుండానే హిట్లర్ సైన్యం ఆస్ట్రియాలోకి దిగింది. జర్మనీలో 1933 నుంచే మూగబోయిన మాలర్ సంగీతం వియన్నాలోనూ ఆగిపోయింది. ఆపెరా పక్కన ఆయన పేరుతో ఉన్న వీధికి పేరు మార్చారు. 57 ఏళ్లు వాయించిన రోజేని తీసేస్తే ఆయన లండన్ వెళ్లి తలదాచుకున్నాడు. ఆయన కూతురు ఆల్మా రోజే, తనూ వయొలిన్ కళాకారిణే, నాజీలకు పట్టుబడి ఆష్‌విట్జ్ నిర్బంధ శిబిరానికి చేరింది. అక్కడ ఖైదీ స్త్రీల ఆర్కెస్ట్రాను నడిపి, 1944లో అక్కడే చనిపోయింది. ఆమె బృందంలో చాలామంది ప్రాణాలతో బయటపడ్డారు. ఆమె పట్టుబట్టి చేయించిన సాధనే తమను బతికించిందని వాళ్లలో కొందరు తర్వాత చెప్పుకున్నారు.

యుద్ధం తర్వాత వీధికి పాత పేరు తిరిగొచ్చింది. సంగీతం తిరిగి జనంలోకి రావడానికి ఇంకా టైమ్ పట్టింది. 1960లలో అమెరికన్ కండక్టర్ లెనార్డ్ బెర్న్‌స్టయిన్ న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్‌తో సింఫనీలను వరసగా రికార్డు చేశాక ప్రపంచం వినడం మొదలుపెట్టింది. మాలర్ తన చివరి రోజుల్లో నడిపిన ఆర్కెస్ట్రా అదే. ముంబైలో పుట్టి వియన్నాలో చదువుకున్న జూబిన్ మెహతా 1978 నుంచి 1991 దాకా దానికి సంగీత దర్శకుడిగా ఉన్నాడు. మన పాఠకులకు మాలర్‌ని దగ్గర చేయాలంటే ఈ దారి కూడా ఉంది.

కాబట్టి నా విన్నపం: ఈ ఉత్తరాన్ని ప్రచురించండి. వీలైతే వచ్చే ఆదివారం అదే పేజీలో, అంతే చోటులో, ఆపెరాలో మాలర్ చేసిన పని గురించీ 1938లో జరిగినదాని గురించీ మరో వ్యాసం వేయించండి. అందులో ఆర్నోల్డ్ రోజే, ఆల్మా రోజే పేర్లు తప్పకుండా ఉండాలి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
విజయనగరం